ఆర్‌ఎఫ్‌సీ కనెక్షన్ ఫెయిలైతే ముందు ఎర్రర్ మెసేజ్ మొత్తం చదవాలి

"ఆర్‌ఎఫ్‌సీ పనిచేయడం లేదు, అర్జెంట్‌గా చూడండి" అని శాప్ (కంపెనీల లెక్కలు, స్టాక్, ఆర్డర్లు నడిపే సాఫ్ట్‌వేర్) టీమ్‌కి వచ్చే టికెట్లో చాలాసార్లు అంతకు మించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఏ సిస్టమ్ నుంచి ఏ సిస్టమ్‌కి, ఎన్ని గంటలకు, ఏ యూజర్‌తో, తెరమీద ఏం కనిపించింది, ఇవేవీ ఉండవు. అక్కడినుంచి ఊహలు మొదలవుతాయి. ఒకరు పాస్‌వర్డ్ మార్చేస్తారు, ఇంకొకరు యూజర్‌కి శాప్_ఆల్ (దాదాపు అన్ని హక్కులూ కట్టగట్టి ఇచ్చే ప్రొఫైల్) ఇచ్చేస్తారు, నెట్‌వర్క్ వాళ్లు "మా వైపు అంతా బాగానే ఉంది" అంటారు, చివరికి ఎవరో ఒకరు సర్వర్ రీస్టార్ట్ చేస్తారు. రీస్టార్ట్‌తో కొన్నిసార్లు పని జరిగిపోతుంది కూడా. అసలు చిక్కు అక్కడే ఉంది, కారణం ఏంటో తెలియకుండానే టికెట్ క్లోజ్ అయిపోతుంది, కొన్నాళ్లకు అదే తప్పు మళ్లీ వస్తుంది, అప్పటికి పాత టికెట్ చూసినవాళ్లు వేరే ప్రాజెక్టులో ఉంటారు.

శాప్‌లో ఒక సిస్టమ్ ఇంకో సిస్టమ్‌లోని ఫంక్షన్‌ని దూరం నుంచి పిలవడానికి వాడేదే ఆర్‌ఎఫ్‌సీ, అంటే రిమోట్ ఫంక్షన్ కాల్. గోడౌన్‌లో స్టాక్ ఎంతుందో అడగాలన్నా, ఆర్డర్ అటు పంపాలన్నా, జీతాల లెక్క ఫైనాన్స్‌కి చేరాలన్నా చాలా కంపెనీల్లో ఇప్పటికీ ఇదే దారి. అమీర్‌పేటలో బేసిస్ (శాప్ సర్వర్లు చూసుకునే పని) కోర్సు చేసినవాళ్లందరికీ ఎస్‌ఎం59 తెర గుర్తుంటుంది: డెస్టినేషన్ (అవతలి సిస్టమ్‌కి వెళ్లే కనెక్షన్) పేరు, హోస్ట్, ఇన్‌స్టన్స్ (నడుస్తున్న ఒక్కో శాప్ సర్వర్) నంబర్, యూజర్, పాస్‌వర్డ్, సేవ్, కనెక్షన్ టెస్ట్. డెస్టినేషన్ తయారు చేయడానికి ఆ క్రమం సరిపోతుంది. అది పగిలినప్పుడు మాత్రం లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ముందు అవతలి సర్వర్ పేరు ఐపీ అడ్రస్‌గా మారాలి, తర్వాత పోర్ట్ దొరకాలి, గేట్‌వే (ఆర్‌ఎఫ్‌సీ కాల్స్ అందుకునే ప్రోగ్రామ్) లోపలికి రానివ్వాలి, లాగిన్ కుదరాలి, ఆ యూజర్‌కి ఆ ఫంక్షన్ నడిపే హక్కు ఉండాలి, ఆపైన ఫంక్షన్ తన పని తాను చేయాలి. వీటిలో ఎక్కడ తెగినా యూజర్ నోటివెంట వచ్చే మాట మాత్రం ఒక్కటే, "కనెక్షన్ పోయింది". ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చుకోకుండా ఏ సెట్టింగూ ముట్టుకోకూడదు, ఎందుకంటే ఊహతో మార్చిన ప్రతి సెట్టింగూ అసలు కారణం పక్కన ఇంకో కారణాన్ని తెచ్చి పెడుతుంది.

మెసేజ్‌లో ఆ మెట్టు సాధారణంగా రాసే ఉంటుంది. కనెక్షన్ టెస్ట్ ఫెయిలైనప్పుడు ఎస్‌ఎం59 చూపించే వివరాల్లో అందరూ ఎర్రర్ అన్న లైను చదివి ఆగిపోతారు. దాని చుట్టూ లొకేషన్, కాంపొనెంట్, సిస్టమ్ కాల్, ఎర్ర్‌నో (ఎర్రర్ నంబర్) అని ఇంకొన్ని లైన్లు ఉంటాయి, విలువంతా వాటిలోనే ఉంది. ఈ ఫిర్యాదు ఎవరిదో లొకేషన్ చెబుతుంది. ఇవతలి సిస్టమ్ తనంతట తాను వెళ్లలేకపోయానంటోందా, మధ్యలో ఉన్న శాప్ రౌటర్ (శాప్ కనెక్షన్లని దాటించే ప్రోగ్రామ్) ఆపిందా, అవతలి గేట్‌వే దాకా వెళ్లాక అది తిప్పి పంపిందా అన్నది ఆ ఒక్క లైనుతో తేలిపోతుంది. అవతలి గేట్‌వే పేరు లొకేషన్‌లో కనిపిస్తుంటే ఇక నెట్‌వర్క్ టీమ్‌ని నిద్ర లేపడం అనవసరం, దారి తెరిచే ఉంది.

ఎర్ర్‌నో ఇంకా సూటిగా చెబుతుంది. విండోస్ సర్వర్ మీద 10061, లినక్స్ మీద 111 కనిపిస్తే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని అర్థం. అవతలి మెషిన్ దాకా ప్యాకెట్ వెళ్లింది, ఆ పోర్ట్ మీద వినేవాళ్లెవరూ లేరని జవాబు వచ్చింది. అంటే అక్కడి శాప్ ఇన్‌స్టన్స్ ఆగిపోయి ఉండాలి, లేదా ఇన్‌స్టన్స్ నంబర్ తప్పు కొట్టి ఉండాలి. విండోస్‌లో 10060, లినక్స్‌లో 110 వస్తే అది టైమవుట్. జవాబే రాలేదు. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని చప్పుడు చేయకుండా పారేసినప్పుడు సాధారణంగా కనిపించేది ఇదే. ఫోన్ చేస్తే "స్విచాఫ్ చేసి ఉంది" అని వినిపించడానికీ, అవతల ఏ శబ్దమూ లేకుండా కాల్ కట్ అవడానికీ ఎంత తేడా ఉందో ఈ రెండింటికీ అంత తేడా ఉంది. (కొన్ని ఫైర్‌వాల్స్ ప్యాకెట్‌ని పారేయకుండా తిరస్కరించి జవాబిస్తాయి, అప్పుడు అది కూడా రిఫ్యూజ్డ్‌గానే కనిపిస్తుంది. కాబట్టి 10061 రాగానే ఫైర్‌వాల్‌ని లెక్కలోంచి పూర్తిగా తీసేయకూడదు.)

హోస్ట్‌నేమ్ అన్‌నోన్ అని వస్తే అది పేరుని ఐపీగా మార్చే డీఎన్‌ఎస్ లేదా హోస్ట్స్ ఫైల్ సంగతి. సర్వీస్ శాప్‌జీడబ్ల్యూ00 అన్‌నోన్ అని వస్తే పేరుని పోర్ట్ నంబర్‌గా మార్చే సర్వీసెస్ ఫైల్‌లో ఆ ఎంట్రీ లేదని. సిస్టమ్‌లని కలపడానికి కొత్తగా పెట్టిన మిడిల్‌వేర్ సర్వర్లలో, ఎవరి ల్యాప్‌టాప్ నుంచో నడిచే ఎక్సెల్ టూల్స్‌లో ఇది మామూలే. రౌట్ పర్మిషన్ డినైడ్ అని వస్తే శాప్ రౌటర్‌లోని రౌట్‌ట్యాబ్ ఫైల్లో ఆ దారికి అనుమతి రాసి లేదు. లైను చేర్చాక రౌటర్‌ని ఆపి లేపనవసరం లేదు, ఫైల్‌ని మళ్లీ చదువుకోమని కమాండ్ ఇస్తే చాలు.

ఇక్కడ తరచూ వినిపించే వాదన ఒకటుంది, "జీయూఐలో లాగిన్ అవుతోంది కదా, మరి నెట్‌వర్క్ ఎలా తప్పవుతుంది?" అని. జీయూఐ (మనుషులు లాగిన్ అయ్యే శాప్ తెర) వెళ్లేది డిస్పాచర్ (వచ్చిన పనిని లోపల పంచే ప్రోగ్రామ్) పోర్ట్‌కి, అది 32తో మొదలై ఇన్‌స్టన్స్ నంబర్‌తో ముగుస్తుంది. ఆర్‌ఎఫ్‌సీ వెళ్లేది గేట్‌వే పోర్ట్‌కి, అది 33తో మొదలవుతుంది. ఇన్‌స్టన్స్ 00 అయితే 3200, 3300 అన్నమాట. శాప్ భద్రతా పద్ధతి ఎస్‌ఎన్‌సీతో ఎన్‌క్రిప్ట్ చేసిన గేట్‌వే అయితే 4800. ఫైర్‌వాల్‌లో ఒకటి తెరిచి ఇంకొకటి మరిచిపోవడం చాలా సహజం. పైగా జీయూఐ నడుస్తున్నది మనిషి ల్యాప్‌టాప్ నుంచి, ఆర్‌ఎఫ్‌సీ బయల్దేరేది సర్వర్ నుంచి, రెండిటి దారులూ వేరు. పింగ్ వెళ్తోందన్న వాదనకీ ఇదే జవాబు, పింగ్‌కి అసలు పోర్టే ఉండదు. పరీక్ష చేయాలంటే కాల్ ఏ సర్వర్ నుంచి బయల్దేరుతుందో ఆ సర్వర్ మీదికి వెళ్లి, అదే పోర్ట్‌కి టెల్నెట్‌తోనో పవర్‌షెల్‌తోనో కొట్టి చూడాలి.

"ఏ సర్వర్ నుంచి" అన్న ప్రశ్నకి ఎంత టైమ్ ఇచ్చినా తక్కువే. ప్రొడక్షన్ సిస్టమ్‌కి, అంటే అసలు వ్యాపారం నడిచే సిస్టమ్‌కి, చాలా చోట్ల అప్లికేషన్ సర్వర్లు ఒకటికి మించి ఉంటాయి. ఎస్‌ఎం59లో టెస్ట్ బటన్ నొక్కితే ఆ టెస్ట్ నడిచేది ఆ క్షణంలో లాగిన్ అయి ఉన్న సర్వర్ నుంచే. రాత్రి ఫెయిలైన బ్యాక్‌గ్రౌండ్ జాబ్ వేరే సర్వర్ మీద నడిచి ఉండొచ్చు, ఆ సర్వర్‌ని కొత్తగా చేర్చినప్పుడు ఫైర్‌వాల్ రూల్‌లో దాని ఐపీ చేర్చడం మరిచిపోయి ఉండొచ్చు. పొద్దున్నే బేసిస్ వాళ్లు టెస్ట్ చేస్తే పచ్చగా వస్తుంది, "ఇష్యూ కనిపించడం లేదు" అని టికెట్ మూసేస్తారు, రాత్రికి జాబ్ మళ్లీ ఆ సర్వర్ మీదే పడుతుంది. "అప్పుడప్పుడు ఫెయిలవుతుంది" అని చెప్పే కనెక్షన్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే. జాబ్ ఏ సర్వర్ మీద నడిచిందో జాబ్‌ల జాబితా చూపే ఎస్‌ఎం37లో ఉంటుంది. అది చూసి, సర్వర్ల జాబితా చూపే ఎస్‌ఎం51 నుంచి అదే సర్వర్‌లోకి దూకి, అక్కడినుంచి టెస్ట్ చేస్తే తేలిపోతుంది.

లోడ్ బ్యాలెన్సింగ్ (కాల్స్‌ని సర్వర్ల మధ్య పంచడం) పెట్టిన డెస్టినేషన్లలో ఇంకో మెలిక ఉంది. కాల్ ముందు మెసేజ్ సర్వర్‌కి వెళ్తుంది, పోర్ట్ 36తో మొదలవుతుంది. మెసేజ్ సర్వర్ పని చేసిపెట్టదు, ఫలానా అప్లికేషన్ సర్వర్ దగ్గరికి వెళ్లమని పేరు ఇస్తుంది. ఆ పేరు చాలాసార్లు డొమైన్ లేని పొట్టి పేరు. పిలిచే సిస్టమ్ వేరే డొమైన్‌లో, వేరే దేశంలోని డేటా సెంటర్లో ఉంటే దానికి ఆ పొట్టి పేరు ఎవరిదో తెలియదు. అందుకే మెసేజ్ సర్వర్ పోర్ట్ తెరిచాం, అది కనెక్ట్ కూడా అవుతోంది, అయినా హోస్ట్ అన్‌నోన్ అని వస్తోందేంటి అన్న అయోమయం. అవతలి వైపున్న అన్ని అప్లికేషన్ సర్వర్ల పేర్లూ ఇవతల తెలియాలి, అన్నిటి గేట్‌వే పోర్ట్‌లూ తెరిచి ఉండాలి. ఫైర్‌వాల్ రిక్వెస్ట్‌లో మెసేజ్ సర్వర్ ఒక్కటే రాస్తే సగం పనే అయినట్టు.

నెట్‌వర్క్ దాటాక లాగిన్. ఇక్కడ అందరినీ మోసం చేసేది ఆ పచ్చటి టిక్కే. చాలా సిస్టమ్‌లలో ఉండే సెట్టింగుల ప్రకారం కనెక్షన్ టెస్ట్ పిలిచే పింగ్ ఫంక్షన్‌కి లాగిన్ అక్కర్లేదు, కాబట్టి పాస్‌వర్డ్ తప్పైనా, యూజర్ లాక్ అయి ఉన్నా టెస్ట్ పాసైపోతుంది. "ఎస్‌ఎం59 బాగుంది, మీ ప్రోగ్రామ్‌లోనే తప్పుంది" అని డెవలపర్ మీదికి తోసే ముందు యుటిలిటీస్ మెనూలోని ఆథరైజేషన్ టెస్ట్ నడపాలి. యూజర్, పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పేది అది.

పాస్‌వర్డ్ గొడవల్లో సగం పాత కాలపువి. ఒకప్పుడు శాప్ పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలే, చిన్నాపెద్దా అక్షరాల తేడా ఉండేది కాదు. నెట్‌వీవర్ 7.0 నుంచి 40 అక్షరాల దాకా పెట్టొచ్చు, ఆ తేడా కూడా లెక్కలోకి వస్తుంది. పాత ఇంటర్‌ఫేస్ టూల్ ఏదైనా పాస్‌వర్డ్‌ని పెద్దక్షరాలుగా మార్చి పంపుతుంటే, మనిషి లాగిన్ అయినప్పుడు పనిచేసిన అదే పాస్‌వర్డ్ టూల్ నుంచి పనిచేయదు. డయలాగ్ రకం (మనుషుల కోసం పెట్టిన) యూజర్‌ని ఇంటర్‌ఫేస్‌కి వాడితే గడువు తీరి మార్చమని అడుగుతుంది, అడిగితే మార్చడానికి అక్కడ మనిషెవరూ ఉండరు. ఆ పనికి సిస్టమ్ రకం యూజరే సరైనది.

ఇక యూజర్ లాక్. అన్‌లాక్ చేస్తే పది నిమిషాల్లో మళ్లీ లాకవుతుందంటే పాత పాస్‌వర్డ్‌తో ఇంకా ఎవరో తలుపు తడుతూనే ఉన్నారని అర్థం. పాస్‌వర్డ్ మార్చినప్పుడు మూడు డెస్టినేషన్లలో మార్చి, ఎక్కడో మూలనున్న నాలుగో సిస్టమ్‌ని మరిచిపోతే జరిగేది ఇదే. సెక్యూరిటీ ఆడిట్ లాగ్ ఆన్‌లో ఉంటే ఫెయిలైన లాగిన్ ఏ టెర్మినల్ నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. అది చూడకుండా గంటకోసారి అన్‌లాక్ చేసుకుంటూ కూర్చుంటే టెన్షనే మిగులుతుంది.

లాగిన్ కుదిరాక అవతలి సిస్టమ్ ఎస్_ఆర్‌ఎఫ్‌సీ అన్న ఆథరైజేషన్ (ఫంక్షన్ నడిపే హక్కు) ఉందా అని చూస్తుంది. ఇది లేకపోతే పిలిచిన సిస్టమ్‌లో ఏదో సాధారణ రిమోట్ ఎర్రర్ కనిపిస్తుంది, అసలు వివరం అవతలి సిస్టమ్‌లోని ఎస్‌టీ22లో (ఎర్రర్ రికార్డుల తెర) ఆర్‌ఎఫ్‌సీ_నో_ఆథారిటీ డంప్‌గా పడి ఉంటుంది. ఏ యూజర్‌కి ఏ ఫంక్షన్ మీద హక్కు లేదో పేర్లతో సహా అక్కడ రాసి ఉంటుంది. రెండు సిస్టమ్‌లూ వేర్వేరు టీమ్‌ల చేతుల్లో ఉంటే ఆ డంప్‌ని ఎవరూ తెరవరు, ఇవతలివాళ్లకి యాక్సెస్ ఉండదు, అవతలివాళ్లకి సమస్య ఉందనే తెలియదు. ఆ ఒక్క స్క్రీన్‌షాట్ అడిగి తెప్పించుకుంటే గంటల తరబడి సాగే కాన్ఫరెన్స్ కాల్ తప్పుతుంది.

దీనికి బదులు శాప్_ఆల్ ఇచ్చి "పనిచేస్తోందో లేదో చూద్దాం" అనడం చాలా చోట్ల అలవాటైపోయింది. ఇది ప్రమాదకరమైన అలవాటు, ఎందుకంటే టెస్ట్ కోసం ఇచ్చినది ప్రొడక్షన్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, ఆ డెస్టినేషన్ చేతికి చిక్కినవాళ్లకి సిస్టమ్ మొత్తం చేతికి చిక్కినట్టే. పైగా దాంతో అన్నిసార్లూ పని కాదు కూడా. ట్రస్టెడ్ ఆర్‌ఎఫ్‌సీలో, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఒక సిస్టమ్ మాటని ఇంకో సిస్టమ్ నమ్మే పద్ధతిలో, కావాల్సిన ఎస్_ఆర్‌ఎఫ్‌సీఏసీఎల్ అన్న హక్కు మామూలుగా శాప్_ఆల్‌లో ఉండనే ఉండదు. శాప్_ఆల్ ఇచ్చినా ఫెయిలవుతోందేంటని తల పట్టుకునేది ఇందుకే. ట్రస్టెడ్ లాగిన్ ఫెయిలైతే వచ్చే కోడ్ కూడా చదవాల్సిందే: 1 అయితే పిలిచే సిస్టమ్ ట్రస్టెడ్ జాబితాలో లేదు, 2 అయితే ఎస్_ఆర్‌ఎఫ్‌సీఏసీఎల్ లేదు లేదా డీడీఐసీ వంటి రక్షిత యూజర్‌తో ప్రయత్నించారు, 3 అయితే టైమ్‌స్టాంప్ చెల్లలేదు, అంటే రెండు సర్వర్ల గడియారాలు కలుస్తున్నాయో లేదో చూడాలి.

శాప్ బయట ఉన్న ప్రోగ్రామ్‌లు, ఉదాహరణకు పన్ను లెక్కించే ఇంజిన్లు, జావా కనెక్టర్‌తో రాసిన సర్వర్లు, గేట్‌వే దగ్గరికి వచ్చి ఒక ప్రోగ్రామ్ ఐడీతో పేరు నమోదు చేసుకుంటాయి. ప్రోగ్రామ్ నాట్ రిజిస్టర్డ్ అని వస్తే ఆ బయటి ప్రోగ్రామ్ ఆగిపోయిందా అన్నది మొదటి ప్రశ్న, ఐడీలో చిన్నాపెద్దా అక్షరాలు కలిశాయా అన్నది రెండోది. మూడోది మళ్లీ ఆ సర్వర్ల గొడవే: ప్రతి అప్లికేషన్ సర్వర్‌కీ తన గేట్‌వే తనకుంటుంది, ప్రోగ్రామ్ ఒక గేట్‌వేలో నమోదైతే మిగతా గేట్‌వేలకి తెలియదు. డెస్టినేషన్‌లో గేట్‌వే హోస్ట్ ఖాళీగా వదిలేస్తే ఏ సర్వర్ నుంచి పిలిస్తే ఆ సర్వర్ గేట్‌వేలో వెతుకుతుంది. ఫలితం ఒక సర్వర్‌లో పాస్, ఇంకో సర్వర్‌లో ఫెయిల్. గేట్‌వే చూసే తెర ఎస్‌ఎంజీడబ్ల్యూలో లాగ్డ్ ఆన్ క్లయింట్స్ జాబితా చూస్తే ఎవరు ఎక్కడ నమోదయ్యారో తెలుస్తుంది.

నమోదుకే అనుమతి లేదని వస్తే అది రెజ్‌ఇన్ఫో ఫైల్ పని. ఎవరు నమోదు చేసుకోవచ్చో, ఎవరు పిలవచ్చో రాసేది అందులోనే. ఇక్కడ కూడా తొందరలో నక్షత్రం గుర్తు పెట్టేసి అందరికీ తెరిచేసేవాళ్లున్నారు. 2019 మేలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 10కేబ్లేజ్ పేరుతో బయటికొచ్చిన దాడి టూల్స్ గురించి హెచ్చరిక జారీ చేసింది. ఆ దాడికి ఆధారం ఇలా తెరిచి వదిలేసిన గేట్‌వేలు, మెసేజ్ సర్వర్లే. అవసరమైన ఒక్క హోస్ట్ పేరు రాయడానికి పట్టే టైమ్ రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలు వెచ్చించాలి.

మొదట బాగానే కనెక్టై, మధ్యలో తెగిపోయేవి వేరే జాతి. అవతల ఒక రిపోర్ట్ పావుగంట నడుస్తుంది, ఆ పావుగంటా లైన్ మీద ఒక్క బైటు కూడా కదలదు, మధ్యలో ఉన్న పరికరం ఇది చచ్చిపోయిన కనెక్షన్ అనుకుని తన జాబితాలోంచి తీసేస్తుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని నాట్ గేట్‌వే (శాప్ గేట్‌వే కాదు, నెట్‌వర్క్ పరికరం) 350 సెకన్ల మౌనం తర్వాత ఈ పని చేస్తుంది, అజూర్ లోడ్ బ్యాలెన్సర్ డిఫాల్ట్‌గా నాలుగు నిమిషాలకే చేస్తుంది. లినక్స్ మాత్రం కనెక్షన్ బతికుందా అని మొదటిసారి అడిగేది డిఫాల్ట్‌గా 7200 సెకన్లకి, అంటే రెండు గంటలకి. ఈ లెక్కల మధ్య పొంతన లేకపోవడమే కారణం. ఇన్నేళ్లూ ఒకే డేటా సెంటర్లో నడిచిన ఇంటర్‌ఫేస్, క్లౌడ్‌కి మార్చిన వారంలో ఫెయిలవడం మొదలుపెడితే ముందు చూడాల్సింది ఇదే. చిన్న డేటాతో పనిచేసి పెద్ద డేటాతో తెగిపోవడం దీని గుర్తు. ఇలా బతికుందా అని అడిగే కీప్‌అలైవ్ సమయాన్ని మధ్యలోని పరికరం గడువు కంటే తక్కువకి దించితే పోతుంది.

హెచ్‌టీటీపీఎస్ డెస్టినేషన్లలో ఎక్కువ తలనొప్పి సర్టిఫికెట్లది. పీర్ సర్ట్ అన్‌ట్రస్టెడ్ అని వస్తే అవతలి సర్టిఫికెట్‌కి సంతకం పెట్టిన సంస్థ రూట్ సర్టిఫికెట్ శాప్ నమ్మే సర్టిఫికెట్లుండే ఎస్‌టీ‌ఆర్‌యూఎస్‌టీలో లేదని. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029కి 47 రోజులు. ఎక్సెల్ షీట్‌లో తేదీలు రాసుకుని ఏడాదికోసారి చేత్తో మార్చే పద్ధతి ఇక నడవదు.

కనెక్షన్ బాగైంది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ అది తెగి ఉన్న ఆ కొన్ని గంటల్లో వెళ్లాల్సిన డేటా సంగతేంటి? ట్రాన్సాక్షనల్ ఆర్‌ఎఫ్‌సీ (వెళ్లకపోతే దాచి మళ్లీ పంపేది) అయితే వెళ్లనివి ఎస్‌ఎం58లో నిలిచి ఉంటాయి. డిఫాల్ట్‌గా 15 నిమిషాలకోసారి, 30 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. అంటే ఏడున్నర గంటలు. రాత్రి పదికి తెగిన లైన్ పొద్దున ఎనిమిదికి బాగైతే, ముందుగా క్యూలో పడినవాటి ప్రయత్నాలు అప్పటికే అయిపోయి ఉంటాయి, అవి వాటంతట అవి కదలవు, చేత్తో నడపాలి. అందులో కూడా సీపీఐసీ ఎర్రర్ ఉన్నవి లైన్ లేక ఆగినవి, సిస్‌ఫెయిల్ ఉన్నవి అవతలిదాకా వెళ్లి అక్కడి ప్రోగ్రామ్‌లో తప్పు వల్ల ఆగినవి. రెండోవాటికి నెట్‌వర్క్ బాగుచేసినా ఉపయోగం లేదు. క్యూ ఆర్‌ఎఫ్‌సీ (వరుస క్రమంలోనే పంపేది) అయితే మొదటిది ఇరుక్కుంటే వెనకున్నవన్నీ ఆగుతాయి, అలాగని ఆ మొదటిదాన్ని డిలీట్ చేయడం అంటే ఒక ఇన్వాయిస్‌నో ఒక డెలివరీనో చెత్తబుట్టలో వేయడం. బిజినెస్ వాళ్లకి చెప్పకుండా ఆ బటన్ నొక్కే హక్కు బేసిస్‌కి లేదు.

సింక్రనస్ కాల్స్‌లో, అంటే జవాబు వచ్చేదాకా ఆగేవాటిలో, ఇంకా జాగ్రత్త కావాలి. అవతలి సిస్టమ్ ఆర్డర్ సృష్టించేసి, జవాబు తిరిగొచ్చే దారిలో లైన్ తెగితే, పిలిచినవాళ్లకి కనిపించేది ఫెయిల్ అని మాత్రమే. మళ్లీ పంపితే అదే కస్టమర్‌కి రెండు ఆర్డర్లు. ఈ రకం కాల్స్ రాసేటప్పుడే బయటి రిఫరెన్స్ నంబర్ ఒకటి పంపి, అది ముందే వచ్చిందేమో అవతల చూసుకునేలా చేయాలి. ఆ ఏర్పాటు లేని ఇంటర్‌ఫేస్‌లో రీట్రై నొక్కే ముందు అవతలి సిస్టమ్‌లో ఆ డాక్యుమెంట్ ఉందో లేదో వెతికి చూడటం తప్ప వేరే దారి లేదు.

ఇక నెట్‌వర్క్ టీమ్‌కి పంపే టికెట్. "శాప్ కనెక్ట్ కావడం లేదు" అంటే వాళ్లు ఏం చూడగలరు? కాల్ బయల్దేరిన అప్లికేషన్ సర్వర్ ఐపీ, వెళ్లాల్సిన ఐపీ, పోర్ట్, సెకన్లతో సహా సమయం, ఎర్ర్‌నో, ఆ సర్వర్ నుంచే చేసిన పోర్ట్ టెస్ట్ ఫలితం, ఇవి రాసి పంపాలి. లోడ్ బ్యాలెన్సింగ్ ఉంటే అన్ని సర్వర్ల ఐపీలూ రాయాలి. సమయంతో పాటు టైమ్ జోన్ కూడా రాయాలి, ఎందుకంటే సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండి, ఫైర్‌వాల్ లాగ్ యూటీసీలో ఉండి, టికెట్ రాసినవాళ్లు హైదరాబాద్‌లో ఉంటే ఒకే సంఘటనకి మూడు వేర్వేరు టైమ్‌లు కనిపిస్తాయి, తప్పు గంట లాగ్ చూసి "ఏమీ డ్రాప్ కాలేదు" అని జవాబు వస్తుంది.